చదవాల్సినవి సరే, చదువుతున్నవి చెప్పండి

ఇక్కడ అమెరికాలో మన తెలుగు సంఘం ఉగాది సంబరాల్లో సాహిత్య వేదిక దగ్గర ఉన్నవాళ్ళకి నేను దేని గురించి రాస్తున్నానో ఈపాటికి తెలిసిపోయే ఉంటుంది. లేనివాళ్ళ కోసం, అంటే ఆ సమయానికి భోజనాల క్యూలో ఉన్న అత్యధిక సభ్యుల కోసం, జరిగింది చెప్తాను. కవి సమ్మేళనం అయిపోయింది. పంచాంగ శ్రవణం చెయ్యాల్సిన పంతులుగారు ఇంకా హైవే మీదే ఉన్నారు. పిల్లల డాన్సులకి మేకప్ కాలేదు. అలా ఓ పావుగంట ఎవరికీ అక్కర్లేకుండా మిగిలింది కాబట్టి అది సాహిత్యానికి దొరికింది. వ్యాఖ్యాతగారు సభలోకి మైకు పంపించి, "ఈమధ్య మీరు చదువుతున్న పుస్తకం గురించి తలా రెండు ముక్కలు చెప్పండి" అన్నారు.

మంచి ఆలోచనే. మొదట లేచినాయన వేయిపడగలు అన్నారు. తర్వాతాయన మహాప్రస్థానం. ఆ పక్కాయన భగవద్గీత, రోజుకో శ్లోకం చొప్పున. మైకు చేతులు మారుతూ పిన్నిగారి దగ్గరికొచ్చింది. మనవడిని చూసుకోవడానికి ఆర్నెల్ల వీసా మీద వచ్చి, ఇక్కడ సగంమందికి పిన్నిగారైపోయినావిడ. "నేను సెక్రటరీ మళ్ళీ మొదలెట్టాను బాబూ. మా అమ్మాయి ఐప్యాడ్‌లో అక్షరాలు పెద్దవి చేసిపెట్టింది" అన్నారు. సభలో నవ్వులు. వ్యాఖ్యాతగారూ నవ్వారు. "బావుంది పిన్నిగారూ, కాలక్షేపానికి సరే. సాహిత్యపరంగా ఇంకేమన్నా..." అని ఆగారు. ఆవిడ "ఇంకేం లేదు నాయనా" అని మైకు వెనక్కిచ్చి కూర్చున్నారు. ఈలోగా పంతులుగారొచ్చారు.

ఆ నవ్వులో దుర్మార్గమేం లేదు, ఆయన అలాంటి మనిషి కాదు. నా మంట వేరు. ఆ వరసలో నిజంగా చదువుతున్న పుస్తకం పేరు చెప్పింది ఆవిడొక్కరేనేమోనని నాకు గట్టి అనుమానం. వేయిపడగలు పేరు చెప్పినాయన్ని "ధర్మారావు ఇప్పుడెక్కడిదాకా వచ్చాడండీ? సుబ్బన్నపేటలో ఏమవుతోంది?" అని ఎవరన్నా అడిగారా? అడగలేదు. అడగం కూడా. అది మర్యాద కాదని మనందరికీ తెలుసు. దగ్గరదగ్గర వెయ్యి పేజీల పుస్తకం పేరు చెప్పడమే ఒక హోదా, అందులో ఏ పేజీలో ఉన్నారని అడగడం జీతం అడిగినంత మోటు. మన సభల్లో పుస్తకాల పేర్లు చెప్పుకోవడం పెళ్ళిచూపుల్లో అబ్బాయి అలవాట్లు చెప్పినట్టే ఉంటుంది. అబద్ధమని అనలేం, నిజమని నమ్మనూ లేం.

ఇంతకీ యద్దనపూడిగారి ఆ సెక్రటరీ నవల ఎలాంటి పుస్తకం? అరవైలలో జ్యోతి మాసపత్రికలో సీరియల్‌గా వచ్చినప్పుడు జయంతి, రాజశేఖరం ఏమవుతారోనని నెలంతా ఎదురుచూసిన తరం ఒకటుంది. 1976లో సినిమా అయింది. అందులో లోపాలు లెక్కపెట్టమంటే నేనే మొదట లేస్తాను. ఆరడుగుల కథానాయకులూ, పొడుగు కార్లూ, మాట మింగేసుకునే ఆత్మాభిమానాలూ నాకూ ఒక వయసు తర్వాత విసుగే. అయినా సొంత సంపాదనతో సొంతంగా బతికే ఆడపిల్ల ఊహ ఎన్ని వంటిళ్ళలోకి ఆ నవలల వల్లే వెళ్ళిందో మన అమ్మల్ని అడిగితే చెప్తారు. యద్దనపూడి సులోచనారాణిగారు 2018 మేలో ఈ దేశంలోనే, కాలిఫోర్నియాలో కూతురి దగ్గర ఉండగా కన్నుమూశారు. ఆ లెక్కన ఆవిడ కూడా మన 'విజిటింగ్ పేరెంట్స్' కుర్చీల్లో కూర్చోదగ్గ మనిషే. ఆవిడే వచ్చి ఆ వరసలో కూర్చునుంటే సన్మానానికి శాలువాలు ఎన్ని లేచేవో!

మా ఇంట్లో చదువు రెండు గదుల్లో జరిగేది. ముందుగదిలో అద్దాల బీరువా, తాళం. అందులో ఎమెస్కో 'ఇంటింటా సొంత గ్రంథాలయం' పథకంలో పోస్టులో వచ్చిన పుస్తకాలు, నాన్నగారి స్నేహితులు సంతకం పెట్టి ఇచ్చినవి, ఒకే అట్టలతో సెట్లు. వచ్చినవాళ్ళు అద్దంలోంచి చూసి "అబ్బో" అనేవారు. తాళం ఎక్కడుందో నాన్నగారికి కూడా సరిగ్గా గుర్తుండేది కాదు. రెండోది వెనకగది. వారపత్రికల్లోంచి సీరియల్ పేజీలు జాగ్రత్తగా చించి, వారాల వరసలో పేర్చి, పాత కేలండర్ అట్ట వేసి, అమ్మ గోనెసంచి సూదితో కుట్టిన పుస్తకాలన్నీ అక్కడ. వెనక పేజీలో సగం వంటల శీర్షిక, సగం జాతకం వచ్చేవి. ఒక వారం పేజీలు దొరక్కపోతే అక్కడ తెల్లకాయితం పెట్టి "ఈ వారం మాధవి ఇంట్లోంచి వెళ్ళిపోయింది" అని పెన్సిల్‌తో రాసిపెట్టేది అమ్మ.

ఆ కుట్టుపుస్తకాలు గోడల మీదుగా వీధంతా తిరిగేవి, కబురుతో సహా. "ముప్పయ్యో వారం దాకా ప్రాణం, ఆ తర్వాత సాగదీసింది. కానీ చివర్లో అత్తగారి మాటలున్నాయి చూడు, అవి వదలకు." ఇంతకన్నా మంచి సమీక్ష నేను పెద్ద పత్రికల్లోనూ తక్కువే చూశాను. ఎక్కడ బావుంది, ఎక్కడ బాలేదు, దేనికోసం ఓపిక పట్టాలి, అన్నీ ఉన్నాయందులో. తిరిగిరాని పుస్తకాల గురించి జీవితాంతం నడిచిన అలకలు కూడా ఉన్నాయనుకోండి, అది వేరే వ్యాసం. నేనంటున్నది, మనం విమానం ఎక్కేటప్పుడు ముందుగది అలవాటునే తెచ్చుకున్నాం. తలకి ఇరవైమూడు కిలోల పెట్టెలు రెండేసి నింపుకున్నాం. వెనకగదికి అందులో చోటు చాల్లేదు.

ఆ రెండు గదుల మధ్య తలుపు తీసిపెట్టినావిడ ఒకరున్నారు. మాలతీ చందూర్ మద్రాసులో కూర్చుని స్వాతి మాసపత్రికలో 'పాత కెరటాలు' పేరుతో నెలకో నవల చొప్పున, ఎక్కువగా ఇంగ్లీషువి, ప్రపంచ సాహిత్యంలోవి, తెలుగు పాఠకులకి పరిచయం చేశారు. ఇంగ్లీషు రాని ఇల్లాళ్ళు, లైబ్రరీ లేని ఊళ్ళలో కాలేజీ పిల్లలు ఆ కొద్ది పేజీల్లోంచే ప్రపంచ నవల మొహం చూశారు. తర్వాత అవన్నీ 'నవలా మంజరి' సంపుటాలయ్యాయి. తనే నవలా రచయిత్రి అయ్యుండి, 'హృదయనేత్రి'కి సాహిత్య అకాడెమీ బహుమతి అందుకుని ఉండి, జీవితంలో అంత భాగం ఇతరుల పుస్తకాల గురించి చెప్పడానికి ఖర్చు పెట్టారావిడ. ఆ పరిచయాల్లో కథ ఎక్కువ చెప్పేశారని విసుక్కునేవాళ్ళున్నారు, నిజమే. నాకు నచ్చేది ఆవిడ గొంతు. "ఇది మహత్తరమైన రచన" అని తేల్చేసి పక్కకి తప్పుకోకుండా పక్కన కూర్చుని చెప్పుకొస్తున్నట్టుంటుంది.

అలాంటి మాట ఈ దేశంలో నా చెవిన పడింది ఏ సాహిత్య సభలోనూ కాదు. పిల్లలకి తెలుగు నేర్పే మనబడి వరండాలో పడింది. పిల్లల్ని లోపలికి పంపాక తల్లిదండ్రులం ఆ స్కూలు వరండాలో, పిల్లల సైజు కుర్చీల్లో మోకాళ్ళు గడ్డానికి తగిలేట్టు కూర్చునేవాళ్ళం, గుర్తుందిగా. లోపల్నుంచి గుణింతాలు వినిపిస్తుండేవి. బయట మేమందరం ఫోన్లలో ఇంగ్లీషు చదువుకుంటుండేవాళ్ళం. ఇది చూసి ఎవరూ నవ్వేవారు కాదు, అదొక ఆశ్చర్యం. ఒక శనివారం నా పక్కనావిడ, టెస్టింగ్‌లో పనిచేస్తారు, ఉపోద్ఘాతమేం లేకుండా నావైపు తిరిగి, "మీరు కాలాతీత వ్యక్తులు చదివారా?" అన్నారు. లేదన్నాను. "ఇందులో ఇందిర అని ఒక పిల్లుంటుందండీ. నాకా పిల్లంటే ఒళ్ళు మంట. కానీ ఆ పిల్ల లేని పేజీలు గబగబా తిప్పేస్తున్నాను. ఎందుకలా అవుతోందో కాస్త మీరు చదివి చెప్పండి."

ఆ పుస్తకం పేరు నేనెప్పుడో విన్నదే. "తెలుగు నవలా సాహిత్యంలో మైలురాయి" అని ఎన్నో జాబితాల్లో ఉంది. ఆ మైలురాయి దగ్గర నేనెప్పుడూ బండి దిగలేదు. ఇందిర మీద ఆవిడ ఒళ్ళుమంట మాత్రం ఆ రాత్రే దింపింది. చదివాను. వచ్చే శనివారానికల్లా నేను పూర్తిగా ఇందిర పక్షం. పనికిరాని తండ్రిని, ఇంటినీ తన భుజం మీద మోస్తున్న పిల్ల కాస్త స్వార్థంగా ఉంటే తప్పేమిటని నా వాదన. మరి కల్యాణి సంగతేమిటని ఆవిడ. ప్రకాశానిది మంచితనమా పిరికితనమా అన్నదాని మీద మాకు ఒక సెమిస్టర్ గడిచింది. మా గొడవకి పక్క కుర్చీలు చెవులొగ్గాయి. ఒకాయన "ఇదేదో సీరియలాండీ?" అని అడిగారు. సీరియలే మరి, 1957-58ల్లో తెలుగు స్వతంత్రలో వచ్చింది. రాసిన పి. శ్రీదేవి డాక్టరు. 1961లో, ముప్పై రెండేళ్ళయినా నిండకుండా పోయింది. ఈ ఒక్క నవలే రాసింది. 'చదువుకున్న అమ్మాయిలు' సినిమాకి ఇదే ఆధారమని చెప్తే ఆయన "అయ్యో, ఆ సినిమా మా అమ్మకి ప్రాణం" అని ఫోన్ తీసి పేరు రాసుకున్నారు.

ఇంకొకాయన ఉండేవారు, కడప వైపువారు, పదో తరగతి తర్వాత తెలుగు పుస్తకం ముట్టలేదని కాస్త గర్వంగానే చెప్పేవారు. ఆయనకి ఈ నవల నచ్చదని మా టెస్టింగావిడ ముందే కనిపెట్టారు. "మీరు ఉద్యోగం కోసం ఇంటర్వ్యూలకి తిరిగిన రోజులు గుర్తున్నాయా? అలాంటి ఇంజనీరు కుర్రాడొకడు ఉద్యోగం రాక, కరువులో గొర్రెల్ని తోలుకుని నల్లమల ఎక్కుతాడు, చదవండి" అని సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డిగారి కొండపొలం చేతిలో పెట్టారు. తానా (ఉత్తర అమెరికా తెలుగు సంఘం) నవలల పోటీలో బహుమతి పొందిన నవలే, 2021లో సినిమాగానూ వచ్చింది. బహుమతి సంగతి మాత్రం ఆవిడ ఎత్తలేదు. రెండు వారాలయ్యాక ఆయనొచ్చి, మందలో గొర్రెల నడక గురించీ, పులి వాసన గురించీ, ఆ మాండలికం మాటల గురించీ మాకు క్లాసు తీసుకున్నారు. మా నాయన ఇలాగే మాట్లాడతాడని రెండుసార్లు అన్నారు. ఆ తర్వాత ఆయన ఇంకో పుస్తకం చదివారో లేదో నాకు తెలీదు. చదవకపోయినా నాకు ఫిర్యాదు లేదు.

2020లో క్లాసులు ఆన్‌లైన్‌కి పోయాయి, వరండా పోయింది. టెస్టింగావిడ వేరే రాష్ట్రం వెళ్ళిపోయారు. మేం అక్కడ ఏం చేస్తున్నామో దానికి మేం ఎప్పుడూ పేరు పెట్టలేదు. పెట్టి ఉంటే అధ్యక్షుణ్ణీ కార్యదర్శినీ కూడా ఎన్నుకునేవాళ్ళం, అంతటితో సరి.

అవతలిపక్షం వాదన కూడా చెప్పుకోవాలి, అది తీసిపారేసేది కాదు. వ్యాఖ్యాతగారు నాతో తర్వాత ఫోన్లో అన్నారు: "అందరూ ఏది చదివితే అదే గొప్పదంటే, మంచి చెడ్డా చెప్పేదెవరమ్మా? మనం కూడా వదిలేస్తే విశ్వనాథని, శ్రీశ్రీని ఇక్కడ తల్చుకునేదెవరు?" ఆయన భయం నాకు అర్థమవుతుంది. డిట్రాయిట్ తెలుగు సాహితీ సమితి 1998 నుంచి పుస్తకం పట్టుకుని కూర్చుని చర్చిస్తోందంటే, హ్యూస్టన్‌లో వంగూరి ఫౌండేషన్ సాహితీ సదస్సులు నడుపుతోందంటే, డాలస్‌లో 'నెల నెలా తెలుగు వెన్నెల' ఆగకుండా సాగిందంటే, ఇది ఉత్తమం, ఇది కాదు అని పట్టుబట్టే మనుషులు కొందరు ఉండబట్టే. తానా పోటీ లేకపోతే కొండపొలం మా వరండాకి వచ్చేదో కాదో. రుచికి మెట్లుంటాయి, ఎక్కాలి కూడా. నాకా విషయంలో ఆయనతో తగువు లేదు.

కానీ మెట్లు ఎక్కమనేవాళ్ళు కింది మెట్టు మీద నిలబడ్డ మనిషిని చూసి నవ్వకూడదు కదా. తెలుగు చదవడం మర్చిపోతున్న నలభయ్యేళ్ళవాడికి మొదటి పుస్తకంగా వేయిపడగలు బహూకరిస్తే జరిగేది నాకు బాగా తెలుసు. అది అతనింట్లో పూజగది పక్కన అందంగా ఉంటుంది. ఇంకో పదేళ్ళు అతను తెలుగు ముట్టడు, పైగా తెలుగు తనకి రాదని నమ్ముతాడు. ఆ పుస్తకం గొప్పతనం అక్కడ పుస్తకానికే శత్రువవుతుంది. గొప్ప పుస్తకాలకి మనుషులు దారిలో దొరకాలి. ఆ దారి చాలామందికి యద్దనపూడితోనో, కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్‌లతోనో, చందమామతోనో మొదలైంది. సభలో శ్రీశ్రీని తల్చుకున్న పెద్దమనిషికి కూడా.

మన కన్వెన్షన్లలో పుస్తకావిష్కరణలు చూడండి. రిబ్బను కట్టి తెస్తారు, ఆరుగురు పట్టుకుని ఫోటోకి నవ్వుతారు, 'ఆవిష్కరించారు' అని పత్రికలో వస్తుంది. ఆ ఆరుగురిలో ఒక్కరైనా లోపలి పేజీ తెరిచి నాలుగు వాక్యాలు పైకి చదవడం నేను చూసింది బహు అరుదు. రచయిత బయట బల్ల దగ్గర నిలబడి ఉచితంగా పంచుతారు, మనం "తప్పకుండా చదువుతామండీ" అని తీసుకుంటాం. ఊళ్ళో పెద్దవాళ్ళ సభల్లో నచ్చని ముచ్చట ఏదుందో, దాన్నే ఇస్త్రీ చేసి ఇక్కడికి తెచ్చుకున్నాం. అమ్మ సూదీ దారం మాత్రం ఎవరూ తేలేదు.

పుస్తకాలు దొరకవన్న మాట ఇప్పుడు చెల్లదు. ఈ-పుస్తకాలున్నాయి, స్కాన్ చేసినవి ఆర్కైవ్‌లో ఉన్నాయి. వాటికన్నా పాతది, మనవాళ్ళలో చాలామంది ఊహించనిది ఇంకొకటుంది. ఒకప్పుడు పి.ఎల్. 480 చట్టం కింద అమెరికా గోధుమలు ఇండియాకి వెళ్ళేవి, ఇండియా రూపాయల్లో డబ్బు కట్టేది. ఆ రూపాయల్లో కొంత పెట్టి 1962 నుంచి ఇక్కడి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ భారతీయ భాషల పుస్తకాలు కొనిపించి ఇక్కడి యూనివర్సిటీలకి పంపింది. తెలుగు కూడా అందులో ఉంది. మన తాతలు తిన్న గోధుమరొట్టెకి బదులుగా వచ్చిన తెలుగు నవలలు షికాగోలోనో, మాడిసన్‌లోనో అరల్లో ఉన్నాయి. మీ ఊరి పబ్లిక్ లైబ్రరీలో 'ఇంటర్‌లైబ్రరీ లోన్' అని అడిగితే ఆ అరల దాకా దారి ఉంది. పేరు మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లో, వాళ్ళ పద్ధతిలో రాసి వెతకాలి. నాకొచ్చిన ఒక కథల పుస్తకంలో గడువు తేదీల కాయితం మీద ఒక్క ముద్రా లేదు. యాభై ఏళ్ళుగా ఎవరూ అడగలేదు కాబోలు. అడిగించగలిగేది ఎవరో ఒకరి నోటి మాటే. ఇందిర మీద ఒళ్ళు మండిందని చెప్పే మనిషి కావాలి.

అందుకని సంఘం కార్యవర్గాన్ని బతిమాలుకుంటున్నాను. దీపావళి సంచిక నుంచి ఈ పత్రికలో ఒక్క పేజీ ఇవ్వండి, 'ఇప్పుడు చదువుతున్నది' అని. అందులో కాలేజీలో చదివేసినవి వద్దు, రేపు చదవబోయేవీ వద్దు. బల్ల మీద బోర్లించి ఉన్న పుస్తకం, ఏ పేజీలో ఆగారో, ఎందుకు ఆగారో. ఇంగ్లీషు థ్రిల్లరైనా సరే, పిల్లాడికి రాత్రిపూట చదివి వినిపించే బొమ్మల పుస్తకమైనా సరే. సగంలో మానేసినవి మరీ మంచిది, మానేసిన కారణంలో నిజాయితీ ఎక్కువుంటుంది. రచయిత పుట్టిన ఊరు, బిరుదులు, బహుమతులు అక్కర్లేదు. 'ప్రతి ఒక్కరూ తప్పక చదవాల్సిన' అన్న మాట కనిపిస్తే సంపాదకులు మొహమాటం లేకుండా కొట్టెయ్యాలి. పుస్తకం ఎవరికి నచ్చదో కూడా ఒక వాక్యం రాయండి, చదివేవాళ్ళకి అదే ఎక్కువ పనికొస్తుంది. సభల్లోనైతే మైకు ముందు మొదటివరసకి కాకుండా వెనకవరసకి వెళ్ళాలి. ఎవరేం చెప్పినా వ్యాఖ్యాత అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: "ఎక్కడిదాకా వచ్చారు?"

ముందు నా వంతు. కొండపల్లి కోటేశ్వరమ్మగారి నిర్జన వారధి చదువుతున్నాను, హైదరాబాద్ బుక్ ట్రస్ట్ 2012లో వేసింది. తొంభై దాటాక రాసిన ఆత్మకథ. బాల్యంలోనే వైధవ్యం, మళ్ళీ పెళ్ళి, ఉద్యమం, అజ్ఞాతవాసం, భర్త దూరమవడం, పిల్లల్ని పోగొట్టుకోవడం, ఇన్నీ ఆవిడ కూరగాయల ధర చెప్పేంత మామూలు గొంతుతో చెప్పేస్తారు. నాకు అక్కడే ఊపిరాడదు. కాకినాడలో ఆడపిల్లల హాస్టల్లో ఉద్యోగం చేసే రోజుల దగ్గర ఆగాను. బాలేక కాదు, తర్వాత రాబోయేది తెలుసు కాబట్టి వారాంతం దాకా వాయిదా వేశాను. రాజకీయాల వివరాలు ఎక్కువ ఆశించేవాళ్ళకి ఇది చాలదు. పేర్లు, ఊళ్ళు గబగబా వచ్చిపోతాయి, మొదటి యాభై పేజీలు కొంచెం తికమక. తెలుగు చదవలేని మీ కాలేజీ పిల్లలకి జుబాన్ ప్రచురణ సంస్థ వాళ్ళ ఇంగ్లీషు అనువాదం ఉంది. తల్లీకూతుళ్ళు చెరో భాషలో ఒకేసారి చదివితే ఎలా ఉంటుందో మా ఇంట్లో ప్రయత్నిస్తున్నాం. మా అమ్మాయి నాకన్నా ముందుంది, కథ చెప్పకుండా ఆపడం కష్టంగా ఉంది.

మీవి సంపాదకులకి పంపండి. తెలుగులో టైపు చెయ్యడం రానివాళ్ళు ఫోన్లో చెప్తే చాలు, రాసుకోవడానికి నేను ఒప్పుకున్నాను. ఊరి నుంచి వచ్చి ఉన్న అమ్మానాన్నలవి, అత్తమామలవి ముందు వేస్తాం, వాళ్ళ తిరుగు టికెట్లు దగ్గరపడుతుంటాయి కనక.